స్టాండర్డ్‌లో తండా

"నేను అబద్ధం ఆడలే!"

గీత చేతిలోని స్టీలు గ్లాసును నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ వెళ్ళి తలుపు మూల ఆగింది.

కరెంటు లేదు. భూపాలపల్లిలో బొగ్గుబాయిలు సకల జనుల సమ్మెలోకి దిగిన నాటినుంచి జనగామకు కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోతోంది. ఫ్యాను చప్పుడు లేని ఇంట్లో ప్రతి మాటా ఉన్నదానికంటే పెద్దగా వినబడుతుంది.

"ఆడకపోతే మరి వనజకు కనబడ్డది నీకెందుకు కనబడలే?" శివాజీ చెల్లెలి ముందు నిలబడ్డాడు. "ఆ పిల్ల భూపాలపల్లిల కూసోని నిన్ననే సీటు ఖాయం జేసుకున్నది. నువ్వేమో సమ్మెకు ఆపిన్రు, మల్ల చెప్తరట అని వచ్చి బతుకమ్మ ఆడినవ్. ఎవలు ఆపిన్రు? ఏడ రాసున్నది?"

"కంప్యూటర్ల రాసున్నది. నా కండ్లతోని చదివిన."

"నీ కండ్లకు ఒకటి, వనజ కండ్లకు ఒకటి రాస్తరా?"

వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న వదిన కల్యాణి చేతులు ఆ మాట దగ్గర ఎందుకో ఆగాయి. మళ్ళీ కదిలాయి.

గొడవ ఇదీ. హైదరాబాదులో ఒక ట్రస్టు దవాఖానవాళ్ళు నడిపే నర్సింగు కాలేజీలో గీతకు సీటు వచ్చింది. ఆ సీటు నాకు కావాలని వాళ్ళ వెబ్‌సైటులో ఒక మీట నొక్కి ఒప్పుకోవాలి, అంతే. గడువు ఈ సాయంత్రం ఐదు దాకా. గీత నిన్ననే వదిన పనిచేసే ఇంజనీరింగు కాలేజీ ల్యాబుకు వెళ్ళి నొక్కింది. సీటు పేజీకి బదులు సమ్మె నోటీసు వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం, అదే కాలేజీలో సీటొచ్చిన స్నేహితురాలు వనజ ఫోను చేసి "నాది అయిపోయింది, నీది?" అని అడిగేదాకా ఈ ఇంట్లో అందరూ హాయిగానే ఉన్నారు.

ఇవాళేమో బంద్. ఊళ్ళో నెట్ సెంటర్లన్నీ షట్టర్లు దించుకున్నాయి. దవాఖాన నంబరుకు చేస్తే ఎంతసేపటికీ ఎంగేజ్.

ఇంకో సంగతి. శివాజీకి కోపం వస్తే తెలుగు వస్తుంది. మామూలు వేళల్లో ఈ ఇంట్లో మాటలన్నీ లంబాడీలోనే. ప్రేమలూ అలకలూ జ్వరాలూ అన్నీ ఆ భాషలోనే నడుస్తాయి. కోపాన్ని మాత్రం అతను మీటింగుల్లో నేర్చుకున్నాడు, మీటింగులు తెలుగులో జరుగుతాయి. అందుకని ఇవాళ మధ్యాహ్నం నుంచి ఇల్లంతా తెలుగే.

కల్యాణి అత్త రుక్కి మాత్రం ఏ గొడవకూ భాష మార్చే మనిషి కాదు. మోచేతుల దాకా ఉన్న గాజులు సర్దుకుంటూ లంబాడీలోనే, నింపాదిగా అంది.

"అయిందేదో మంచికే అయింది. చేన్ల పత్తి పగిలింది. నెల్లికుదురు దిక్కు కూలోళ్లు దొరుకుత లేరట. ఏదన్న ట్రాక్టర్ దొరికితే రేపు బిడ్డను తండాకు తోల్కపోత."

"పోను," అంది గీత.

"పోక ఏం జేస్తవే?"

గీత తండ్రి మానుకోట దవాఖానలో మంచం మీద పడుకుని, నొప్పి ఎక్కడుందో లంబాడీలో చెబుతూ చెబుతూ ఉంటే, చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరికీ అర్థం కాలేదు. అప్పుడు గీత తొమ్మిదో తరగతి. ఆమె బడి నుంచి వచ్చేసరికి ఆయన చెప్పడం మానేశాడు. ఆ రోజు నుంచి ఆ పిల్లకు నర్సు కావడం తప్ప వేరే కోరిక లేదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఎత్తరు.

ఫోను మోగింది. వనజే. గీత స్పీకరు పెట్టింది, అన్న కూడా వినాలని.

"గీతా, ఇంకా కాలేదానే? మా నాయిన బాయిల సమ్మెకు కూసున్నడు, నేను ఈడ నీ గురించి పరేషాన్ అయితున్న. ఐదింటిదాక ఉన్నదే తల్లీ. లోపలికి పోయినంక రెండు కనబడ్తయి. ఒకటి మేనేజ్‌మెంట్ సీట్లు, ఒకటి స్టాండర్డ్ సీట్లు. మనది స్టాండర్డ్. దాన్ని నొక్కు."

"దాన్నే నొక్కిన వనజా! నొక్కంగనే గా సమ్మె కాగితం వచ్చింది."

"నాకు రాలే మరి. పైన అడ్రస్‌ల గూడ స్టాండర్డ్ అనే ఉంటది, జూడు. తప్పు నొక్కినవో ఏమో."

"తప్పు నొక్కలే! పైన గూడ అదే ఉండె!"

స్టాండర్డ్.

కల్యాణి చేతిలో చిక్కుడుకాయ రెండు ముక్కలైంది. బయట సన్నగా ముసురు పడుతోంది. ఎదురింటి అరుగు మీద ఆడపిల్లలు బతుకమ్మ కోసం గునుగుపూల కట్టలు విప్పి రంగు నీళ్ళలో ముంచుతున్నారు. ఆ రంగులన్నీ కళ్ళ ముందు అలికినట్టు కలిసిపోయి, వాటిలోంచి ఒక పాత మధ్యాహ్నం మెల్లగా పైకి తేలింది.

తండాలో ఇంటి ముందు నులకమంచం. ఆరో తరగతి కొత్త నోటుబుక్కు. అట్ట మీద అతికించిన చీటీలో పేరు, కింద తరగతి రాసేచోట ‘స్టాండర్డ్’ అని ఇంగ్లీషు అక్షరాలు. నాయిన రాంజీకి అక్షరాలు రావు. "మన తండా అని ఎట్ల రాస్తరు బిడ్డా?" అని అడిగాడు. ఆమె మట్టిలో పుల్లతో రాసి చూపించింది. టీ, ఏ, ఎన్, డీ, ఏ. ఆయన ఆ గీతలను చాలాసేపు చూశాడు. తర్వాత చీటీ చూశాడు. మొదటి అక్షరం మీద ఎడమ బొటనవేలు, చివరి రెండు అక్షరాల మీద కుడి బొటనవేలు పెట్టి మూశాడు.

"గిది మనదే గదా!" అన్నాడు.

నిజమే. మధ్యలో మిగిలింది తండా. ఆ రోజంతా ఆయన ఆ పుస్తకం చంకలో పెట్టుకుని గుడిసె గుడిసెకూ తిరిగి, సర్కారు బుక్కులో మన తండా దాక్కుని ఉందని అందరికీ చూపించాడు. కల్యాణి పెళ్ళిలో శివాజీ చేతులు పట్టుకుని వేళ్ళు పెట్టించి మరీ చూపించాడు. ఆ ముచ్చట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు.

ఇవాళ నవ్వు రాలేదు. ఎందుకంటే పదిహేను రోజుల కింద కాలేజీ సర్వరులో ఆ ఐదు అక్షరాలను రాసింది కల్యాణే.

*

ఆ రోజు కాలేజీ సెక్రటరీ మధుకర్ సారు గదిలో ఏసీ చల్లగా ఉంది. సారు గొంతు అంతకంటే చల్లగా ఉంది.

"మీ ఆయన నెట్‌ల పెట్టే రాతలు బాగుంటయమ్మా. నేను గూడ చదువుత. తెలంగాణ వస్తె తండాలన్నీ పంచాయతీలు గావాలె అంటడు. మంచిదే. కని మన పోరగాళ్లు క్లాసులు ఇడిసిపెట్టి ల్యాబుల కూసోని గదే చదువుతున్నరు, మరునాడు పట్టాల మీద కూసుంటున్నరు."

"బంద్ చెయ్యమంటరా సార్?"

"బంద్ జేస్తె లొల్లి జేస్తరు. ఆపొద్దు. తిప్పు."

తిప్పడం ఆమెకు తెలిసిన పనే. కాలేజీలోని కంప్యూటర్లన్నీ బయటి ప్రపంచానికి ఒకే సర్వరు గుండా వెళతాయి. ప్రాక్సీ అంటారు దాన్ని. దాని పక్కనే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. పిల్లలు అడిగిన చిరునామాను లోలోపల మార్చి, వేరే పేజీ తెచ్చి చూపించడం దాని పని. ఏ చిరునామాలను ఆ ప్రోగ్రాముకు అప్పజెప్పాలో, వేటిని ముట్టుకోకుండా వదిలేయాలో వరుసగా నియమాలు రాసి పెట్టాలి. సర్వరు వాటిని పై నుంచి కిందికి చదువుతుంది. ముందు ఏది సరిపోతే అదే తీర్పు. ఆ కింద ఇంకేమున్నా దానికి పట్టదు.

ఇందులో అసలు కిటుకు ఏమిటంటే, పైన చిరునామా అలాగే ఉంటుంది. కింద పేజీ మాత్రం మారిపోతుంది. మూసిన తలుపైతే ఎవరైనా తడతారు, తిడతారు. ఇది తెరిచిన తలుపే. లోపల గది మాత్రం వేరే.

శివాజీ సైటు పేరు ‘తండా’. అతను కాగితాల మీద రాసి పంపిస్తే, హైదరాబాదులో ఉన్న దోస్తు ఒకడు ఎక్కిస్తాడు. చిరునామాలో తండా అన్న ఐదు అక్షరాలు ఎక్కడ కనబడ్డా ప్రోగ్రాముకు పంపమని కల్యాణి రాసింది. ప్రోగ్రాము కాలేజీ తయారుచేసిన, పేరూ ఊరూ లేని నోటీసును తెచ్చిపెడుతుంది. "సమ్మె కారణంగా ఈ సేవ నిలిపివేయబడినది. తిరిగి ప్రారంభించు తేదీ తెలియజేయబడును."

ఎక్కడ కనబడ్డా, అని రాసింది. మాట విడిగా ఉంటేనే అని రాయలేదు. వేరే ఎవరికైనా అది అయిదక్షరాల మాట. ఆమెకు అది పుట్టిల్లు. పుట్టింటి పేరు ఇంకో మాట కడుపులో దాక్కుని ఉంటుందని ఆమెకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలీదు, అయినా మరిచిపోయింది.

ఎందుకు రాసింది? ఉద్యోగ భయం ఉంది, కాదనలేం. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. పోయినేడు రైలు పట్టాల మీద కూర్చున్నందుకు శివాజీని పట్టుకుపోయినప్పుడు, ఠాణా ముందు అరుగు మీద ఆమె రెండు పూటలు కూర్చుంది. లోపలి నుంచి ఏ చప్పుడు వచ్చినా లేచి నిలబడేది. చదివేవాళ్ళు తగ్గితే కేసులూ తగ్గుతాయని, మనిషి ఇంటి పట్టున ఉంటాడని తనకు తాను నచ్చజెప్పుకుంది. రాసిన సాయంత్రమే శివాజీ ఇంటికొచ్చి, "మీ కాలేజోళ్లు ఒక్కలు గూడ చదువుత లేరేందో," అని దిగులుగా అన్నాడు. ఆమె అన్నం వడ్డిస్తూ ఉండిపోయింది.

*

"కాలేజీకి పోదాం," అంది కల్యాణి.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఏడికి?" అన్నాడు శివాజీ. "బంద్ రోజు ల్యాబు ఎవలు తెరుస్తరు?"

"వాచ్‌మన్ భిక్షపతన్న ఉంటడు. జనరేటర్ ఉన్నది. ఇంకా టైమున్నది." లేచి చేతులు కడుక్కుంది. "గీత తప్పు నొక్కలే. అబద్ధం గూడ ఆడలే. మిషన్ల ఏదో తిప్పలున్నది."

"నీకెట్ల ఎరుక?"

"రోజూ దానితోనే గదా నాకు తిప్పలు."

శివాజీ ఒక్క క్షణం ఆమెను తేరిపార చూశాడు. ఏమీ అడగకుండా బండి తాళం చెవి తీశాడు. అడిగితే బాగుండునని ఆమెకు అనిపించింది. అడగనందుకు బతికిపోయానని కూడా అనిపించింది.

రుక్కి గుమ్మం దాకా వచ్చి కూతురి చున్నీ సర్దింది. "కాకపోతే ఏడువకు," అంది. పొద్దుటినుంచి ఆమె అన్న మాటల్లో కాస్త తల్లి మాటలా వినిపించింది అదే.

బండి మీద ముగ్గురు. ముందు శివాజీ, మధ్యలో గీత, వెనక కల్యాణి. ముసురు మొహానికి తగులుతోంది. బస్సులు లేవు, లారీలు లేవు, హారన్లు లేవు. ఇంత పెద్ద రోడ్డు ఇంత నిశ్శబ్దంగా ఉండటం కలలో తప్ప జరగదు. డివైడరు మీద మేకలు పడుకుని ఉన్నాయి. బ్యాంకు మెట్ల మీద మేనేజరు ఒక్కడే కూర్చుని పల్లీలు తింటున్నాడు.

చౌరస్తాలో వంటావార్పు. నడిరోడ్డు మీద మూడు రాళ్ళ పొయ్యిలు పెట్టి, గంగాళాల్లో పప్పుచారు మరిగిస్తున్నారు. పొగ పైకి పోకుండా ముసురులో నేలబారుగా పాకుతోంది. ఆ పొగలో ఆడవాళ్ళు బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే, కాళ్ళు కనబడక, గాలిలో తేలిపోతున్నట్టు ఉన్నారు.

"శివాజన్న వచ్చిండు! అన్నా, రెండు మాటలు మాట్లాడి పో!"

"ఇప్పుడు గాదు తమ్మీ. చెల్లె సీటు కోసం పోతున్నం. జర తొవ్వ ఇడువుండ్రి."

"ఏం సీటన్నా?"

"నర్సు."

నర్సు అన్న మాట నోటి నుంచి నోటికి వెళ్ళింది. పొగలోంచి ఒక ముసలమ్మ వచ్చి గీత చేతిలో తంగేడు కొమ్మ పెట్టింది. "మంచిగ జదువు బిడ్డా. రేపు తెలంగాణ వచ్చినంక నాకు సూది నువ్వే వెయ్యాలె," అంది. గీత నవ్వింది. ఇవాళ అదే మొదటి నవ్వు.

ఇంకో కుర్రాడు బండి పక్కన పరుగెత్తుతూ అడిగాడు. "అన్నా, మీ తండా బందైందానే? మా కాలేజీల తెరిస్తే సమ్మెకు నిలిపినం అని వస్తున్నది. సమ్మె గురించి రాసేటోళ్లే సమ్మెకు బందువెడ్తే ఎట్లనే?"

"బందా?" శివాజీ బండి నెమ్మది చేశాడు. "నేను బందు వెట్టుడేంది? మీ కాలేజీ నెట్ ఖరాబై ఉంటది తియ్యి."

"పోదాం, టైమైతది," అంది కల్యాణి వెనక నుంచి. ఆమె గొంతు ఆమెకే పరాయిగా వినిపించింది.

బచ్చన్నపేట తొవ్వలోకి మళ్ళాక శివాజీ బండి వేగం పెంచాడు.

*

"మేడం, బంద్ రోజు ల్యాబు తెరవద్దన్నరు గదా సారు?" భిక్షపతి తాళాల గుత్తి చేతిలో పట్టుకుని నసిగాడు.

"పది నిమిషాలే అన్నా. మా ఆడిబిడ్డ సీటు పోతది."

భిక్షపతి గీతనూ, ఆమె చేతిలోని తంగేడు కొమ్మనూ చూశాడు. తాళం తీశాడు. జనరేటరు వెనకవైపు గురగురమంది.

శివాజీ వరండాలోనే ఆగిపోయాడు. "నాకు ఈ కాలేజీల అడుగు పెట్టబుద్ధి గాదు," అన్నాడు. ఆ వరండాలోనే ఎవరికో ఫోను చేస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

కల్యాణి గీతను ఒక కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, తను అద్దాల గదిలోని సర్వరు దగ్గరికి వెళ్ళింది. నియమాల ఫైలు తెరిచింది. నల్లటి తెర మీద వరుసలు. కింది నుంచి రెండోది తనది.

తండా.

ఆ ఒక్క వరుస తీసేస్తే అన్నీ తీరిపోతాయి. గీత సీటు, మొగుడి రాతలు, చౌరస్తాలో కుర్రాడి ప్రశ్న, పదిహేను రోజులుగా నోట్లో ముద్ద దిగకపోవడం, అన్నీ. ఆమె వేలు మీట మీదికి వెళ్ళింది.

సెల్ మోగింది. మధుకర్ సారు.

"ఏందమ్మా, ల్యాబు లైట్లు పడ్డయట? భిక్షపతి చెప్పిండు."

"ఇంటి పని సార్. ఆడిబిడ్డ సీటు ఖాయం జెయ్యాలె. నెట్ సెంటర్లు లేవు."

"చేసుకో, చేసుకో. ఆడివిల్ల సదువుకుంటె మంచిదే." గొంతు కాస్త తగ్గించాడు. "మన పని అట్లనే ఉన్నది గదా?"

కల్యాణి తెర వైపు చూసింది.

"అమ్మా? వినబడుతుందా? నీకు తెలిసిందే, నేనొక్కణ్నే గాదు, పైన పోలీసోళ్లు గూడ అడుగుతున్నరు. ఎవడు రాస్తున్నడు, ఎవలు చదువుతున్నరు అని. చదివేటోళ్లే లేరని నేను జెప్తున్న. మీ ఆయన కోసమే జెప్తున్న."

ఠాణా ముందు అరుగు గుర్తొచ్చింది.

"ఉన్నది సార్," అంది. "అట్లనే ఉన్నది."

ఫోను పెట్టేశాక తనమీద తనకే అసహ్యం వేసింది. కానీ వేలు ఆ వరుస మీదికి మళ్ళీ పోలేదు. దానికి పైన ఖాళీ చేసి ఇంకో వరుస రాసింది. ఈ దవాఖాన చిరునామా ఎప్పుడు వచ్చినా ప్రోగ్రాముకు పంపొద్దు, ఉన్నదున్నట్టు వదిలెయ్. పై వరుసదే ముందు తీర్పు కాబట్టి గీత దారి తెరుచుకుంటుంది. కింది వరుస కింద ఉన్నట్టే ఉంటుంది. ఇద్దరికీ సరిపోయింది అనుకుంది. ఇద్దరంటే ఎవరెవరో ఆలోచించుకోలేదు. సర్వరును మళ్ళీ చదువుకోమని చెప్పి బయటికొచ్చింది.

"ఇప్పుడు నొక్కు."

గీత కళ్ళు మూసుకుని నొక్కింది. కళ్ళు తెరవలేదు. "ఏమొచ్చింది వదినా?"

"నువ్వే జూడు."

పేరు, తండ్రి పేరు, మార్కులు, కింద పచ్చటి మీట. గీత దాన్ని కూడా నొక్కింది. సీటు ఖాయమైందని రెండు వరుసల్లో వచ్చింది. ఆ పిల్ల వదినను నడుము చుట్టూ పట్టుకుని, కడుపులో మొహం దాచుకుని భోరుమంది. కల్యాణి ఆమె తల నిమురుతూ నిలబడింది. తన కళ్ళు కూడా ఆగలేదు. అందులో సంతోషం ఎంతో, మిగతాది ఎంతో ఆమె విడదీయదలచుకోలేదు.

"అన్నా! అయింది! దా!"

శివాజీ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. తెర చూశాడు. చెల్లెలి నెత్తిన చెయ్యి పెట్టి లంబాడీలో అన్నాడు.

"నువ్వు అబద్ధం ఆడలే. నేనే తప్పు మాట్లాడిన."

కోపం పోయింది కాబట్టి తెలుగు కూడా పోయింది. గీత కన్నీళ్ళలోనే నవ్వి, ముక్కు తుడుచుకుని, అమ్మకు ఫోను చేసి కేకలు పెట్టింది. అవతల రుక్కి ఏం మాట్లాడిందో గానీ, గీత రెండుసార్లు "ఏడువకు" అనాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడు ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! వదిన ఆ మాట ఎన్నిసార్లు అనుకుందో తర్వాత. కానీ సంతోషంలో ఉన్న ఆడబిడ్డను ఎవరాపగలరు?

"అన్నా, నీ తండా గూడ ఒక్కసారి జూద్దాం. ఎవ్వలూ చదువుత లేరు, చదువుత లేరని మొత్తుకుంటున్నవ్ గద. నేను చదువుత," అంటూ గీత ఇంకో కిటికీ తెరిచి టకటకా కొట్టింది. టీ, ఏ, ఎన్...

"గీతా, వద్దు, జనరేటర్..." కల్యాణి చెయ్యి చాచింది. అందలేదు.

పైన చిరునామా శివాజీది. కింద పేజీ కాలేజీది.

"గిదే!" గీత కుర్చీలోంచి సగం లేచింది. "అన్నా, గిదే కాగితం! నిన్న నాకు వచ్చింది గిదే, చదువు! సమ్మె కారణంగా ఈ సేవ నిలిపివేయబడినది... జూసినవా, నేను చెప్పలే?" తన మాట నిజమైన సంబరంలో ఆ పిల్లకు ఇంకేమీ తట్టలేదు. "నీది గూడ నా తీర్గనే తిరిగింది. ఏం గాదు, వదినకు బాగుజేసుడు వస్తది. నాది ఇప్పుడే బాగుజేసింది గదా!"

శివాజీ తెర మీదికి వంగాడు. చౌరస్తాలో కుర్రాడు అడిగింది గుర్తొచ్చిందేమో, పెదవులు కదిలాయి. గీత చేతి కింది నుంచి మౌసు తీసుకుని సీటు పేజీని మళ్ళీ ముందుకు తెచ్చాడు. తన పేజీ చూశాడు. మళ్ళీ సీటు పేజీ. ఒకే కాగితం ఈ రెండింటి మీదికీ ఎలా వచ్చిందో అతనికి అంతుపట్టలేదు. ల్యాబులో జనరేటరు చప్పుడు దూరంగా, నిద్రలో వినబడినట్టు వినబడుతోంది.

అంతలో అతని చేతులు ఆగాయి.

మెల్లగా ఎడమచేతి బొటనవేలు ఎత్తి, తెర అద్దం మీద, సీటు చిరునామాలోని ఒక అక్షరాన్ని మూశాడు. కుడిచేతి బొటనవేలితో చివరి రెండు అక్షరాలు మూశాడు. పెళ్ళి నాడు మామ రాంజీ నేర్పిన పద్ధతిలోనే, అదే పొందికతో.

మధ్యలో మిగిలింది చదువుకున్నాడు.

వేళ్ళు అక్కడే ఉంచి తల తిప్పి కల్యాణిని చూశాడు. ఆమె తెలుగు కోసం ఎదురుచూసింది. అరుపు వస్తే ఏదో ఒకటి అని తట్టుకోవచ్చు. అది రాలేదు.

లంబాడీలో, జ్వరంలో ఉన్నప్పుడు మంచినీళ్ళు అడిగే గొంతుతో, "నా తండాకు అడ్డం రాసింది నువ్వేనా?" అని అడిగాడు.

గీత నవ్వుతూనే ఒకసారి అన్నను, ఒకసారి వదినను చూసింది. చేతిలోని తంగేడు కొమ్మను మెల్లగా బల్ల మీద పెట్టింది.